శిథిలముల నడుమ కొలుంబా

జర్మనీదేశమున రైను నదీతీరమునగల కొలోన్ నగరమనగానే అందరికిని జంటగోపురముల మహాదేవాలయము స్ఫురించును. నేడు మనము ముచ్చటించుకొనబోవునది దానికి కొలదిదూరమునగల మరియొక ఆలయము. పునీత కొలుంబా పేరిట వెలసిన యీ ఆలయము ఒక పేటవారి పారిష్ చర్చి. శిశువుల జ్ఞానస్నానములు, వివాహములు, అంత్యప్రార్థనలు, ఇట్లు తరతరములుగా ఆ పేటవారి జీవితమంతయు దానితో ముడివడియుండెను.

రెండవ ప్రపంచయుద్ధమున బాంబులపాలై ఆ చర్చి కూలెను. అయినను పదునైదవ శతాబ్దినాటి మరియమాత శిలావిగ్రహ మొకటి శిథిలముల నడుమ నిలిచియుండెను. సర్వమును గోల్పోయిన పౌరులకు అది యొక యూరట అయ్యెను. 'శిథిలములలోని మాత' యను పేరు దానికి స్థిరపడెను. గాట్‌ఫ్రీడ్ బ్యోమ్ అను వాస్తుశిల్పి 1950 నాటికి ఆ విగ్రహమునకు చిన్న ప్రార్థనామందిరము కట్టెను. 1973-76 నడుమ జరిగిన త్రవ్వకములలో రోమనుల నాటి కట్టడముల జాడలును బయల్పడెను.

1853లో స్థాపితమైన తమ కళాసంగ్రహమునకు కొలోన్ క్రైస్తవ అగ్రపీఠమువారు ఈ స్థలముననే క్రొత్త భవనము తలపెట్టిరి. అప్పుడొక చిక్కు యెదురయ్యెను. పూజలందుకొనుచున్న మూర్తి ఇక ప్రదర్శనవస్తువు కావలసినదేనా?

స్విట్జర్లండు వాస్తుశిల్పి పీటర్ జుమ్‌టోర్ కూలిన చర్చిని తిరిగి కట్టలేదు, శిథిలములను తొలగింపనులేదు. విరిగిన పాతగోడలపైననే బూడిదవన్నె ఇటుకలతో క్రొత్తగోడలు లేపెను. ఇటుకల నడుమ విడిచిన సందులగుండా గాలియు వెలుతురును త్రవ్వకపు నేలపై ప్రసరించును. ఆ నేలకు పైగా కొయ్యవంతెనపై సందర్శకులు నడతురు. 2007లో ప్రారంభమైన ఈ భవనమున ప్రాచీన శిల్పములును ఆధునిక కళాఖండములును ప్రక్కప్రక్కనే యుండును. గోడలపై వివరణ ఫలకములు లేవు. వివరములు చిన్నపుస్తకమున లభించును. ముందు చూపు, పిదప పేరు.

ప్రార్థనామందిరము ఇప్పుడీ భవనగర్భముననే యున్నది. అయినను దాని ద్వారము వేరు. వీథినుండి నేరుగా లోనికి పోవచ్చును. ప్రార్థింపవచ్చినవారికి ప్రదర్శనశాలతో పనిలేదు.

ఇందు నష్టమును లేకపోలేదు. ఒకప్పుడు ఆరుబయట నిలిచి నేరుగా ఎండ సోకిన మందిరపు గాజుకిటికీలకు నేడు ఇటుకల సందులలోని మసకవెలుగే దిక్కు. రక్షణ కల్పించుటకై కట్టిన గోడయే వెలుతురును కొంత హరించినది.

పవిత్రకళను కాపాడవలసిన ప్రతివారికిని ఈ ఉదాహరణము ఆలోచనీయము. విగ్రహమును వర్షమునుండి, చోరులనుండి కాపాడుట సులభము. దానిని కొలుచువారినుండి దూరము చేయకుండుటయే కష్టము. కొలుంబాలో రెండు ద్వారములుంచి ఆ కష్టమును చాలవరకు గట్టెక్కిరని మా అభిప్రాయము.