చిన్న యంత్రము – పెద్ద యాట



చదువుకొను పిల్లలు గల యింట, అది పల్లెటూరైనను సరే, నేడొక ల్యాప్‌టాపు కానవచ్చుచున్నది. కళాశాలలో చేరిన కుమారునికో మనుమరాలికో పెద్దలు వ్యయప్రయాసలకోర్చి దానిని కొనియిత్తురు. కొన్ని మాసములు గడచునో లేదో, ఈ యంత్రము చాలదనియు, దీనిమీద ఆట ఆగియాగి నడచుచున్నదనియు, మఱియొకటి కొనవలెననియు విన్నపము వచ్చును. అప్పుడు పెద్దలకు రెండు మార్గములు తోచును. చదువునకిచ్చిన వస్తువుతో ఆటలేమిటని కసరుట యొకటి. సంగతి తెలియక సొమ్ము తీసి యిచ్చుట రెండవది. మొదటిదానివలన పిల్లవాడు మనకు చెప్పుట మానును. రెండవదానివలన ఇంటి సొమ్ము పోవును. ఈ రెండును గాక మూడవ మార్గమొకటి కలదు. సంగతి నెఱిగి, ఉన్న యంత్రముచేతనే ఎంత పని చేయింపవచ్చునో చూచి, ఆ మీదట అవుననియో కాదనియో చెప్పుట. ఆ మార్గమును మీకు విన్నవించుటయే నేటి ప్రసంగమునకు ప్రయోజనము.

దృష్టాంతము లేనిదే విషయము మనసున నిలువదు. కావున ఒక యాటను గైకొందము. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ అను నాట 2020 ఆగష్టు 18వ తేదీన వెలువడినది. ఫ్రాన్సు దేశమందలి బోర్డో నగరమున నున్న అసోబో స్టూడియోవారు దీనిని నిర్మించిరి. ఇందు చంపుట, కొట్టుట లేవు. ఆడువాడు విమానచోదకుని యాసనమున కూర్చుండి భూమండలమునంతయు తిరుగవచ్చును. ఆకాశమునుండి తీసిన భూచిత్రముల యాధారమున నేల చూపబడుటచే మన గోదావరీ కృష్ణలను, వాని కాలువలను, పొలములను సైతము పైనుండి కనుగొనవచ్చును. ఇట్టి యాటను పిల్లవాడు కోరుట తప్పని నేననను. భూగోళపాఠమును బల్లమీద వ్రాసి చెప్పినవానికి ఇది ముచ్చట గొల్పు వస్తువే.

అయితే ముచ్చట యెంతయో మూల్యమును అంతయే. ఈ యాటకు కనీసముగా 8 జీబీల ర్యాము, 2 జీబీల సొంత జ్ఞాపకము గల గ్రాఫిక్స్ కార్డు, 150 జీబీల నిలువచోటు కావలెనని నిర్మాతలు ప్రకటించిరి. చక్కగా నడచుటకు 16 జీబీల ర్యాము, 4 జీబీల గ్రాఫిక్స్ కార్డు ఉండుట మేలనిరి. చదువుకొఱకు కొను సాధారణ ల్యాప్‌టాపునందు తఱచుగా 8 జీబీల ర్యామే యుండును. వేఱు గ్రాఫిక్స్ కార్డు ఉండనే యుండదు. నిలువచోటు 256 జీబీలైనచో అందు సగమునకు మించి ఈ యొక్క యాటయే యాక్రమించును. కావున పిల్లవాడు చెప్పినది అబద్ధము కాదు. కాని అది సంపూర్ణ సత్యమును కాదు.

ఇంత బలమెందులకు కావలెనో లెక్క వేసి చూతము. మనము చూచు సినిమా క్షణమునకు 24 చిత్రముల చొప్పున తెఱపై మాఱుచుండును. ఆ చిత్రములు ముందే తీసియుంచబడినవి. యంత్రము వానిని చూపుట మాత్రమే చేయును. ఆటయందట్లు కాదు. ఆడువాడెటు తిరుగునో ముందు తెలియదు గనుక ప్రతి చిత్రమును అప్పటికప్పుడు గణించి గీయవలెను. సామాన్యమైన తెఱపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. హెచ్చింపగా 20,73,600 చుక్కలు. క్షణమునకు 60 చిత్రములు కోరినచో 12,44,16,000 చుక్కల రంగును ఒక్క క్షణములో నిర్ణయింపవలెను. దీనికి తోడు నీడలు, మబ్బులు, నీటిపై మెఱపులు. చిన్న యంత్రము ఈ బరువును మోయలేక క్షణమునకు 10 చిత్రములో 12 చిత్రములో గీయును. అప్పుడు విమానము ఎగురక గంతులు వేయుచున్నట్లు కానవచ్చును.

ఈ పనిని యంత్రమున నాలుగు అవయవములు పంచుకొనును. ప్రాసెసరు లెక్కలు కట్టును. గ్రాఫిక్స్ భాగము బొమ్మలు గీయును. ర్యాము వ్రాతబల్ల వంటిది. చేతిలోని పనికి కావలసిన కాగితములు దానిమీద పఱచుకొందుము. డిస్కు బీరువా వంటిది, తక్కినవన్నియు అందుండును. బల్ల చిన్నదైనచో మాటిమాటికి లేచి బీరువా కడకు పోవలసివచ్చును గదా! ఆట నడుమనడుమ నిలిచిపోవుట కదియొక కారణము. వేఱు గ్రాఫిక్స్ కార్డు లేనిచోట ప్రాసెసరును చిత్రభాగమును ఒకే ర్యామును ఉమ్మడి కుటుంబమువలె పంచుకొని వాడుకొనును. అందుచేత 8 జీబీలున్నవని మనమనుకొన్నను ఆటకు దక్కునది అంతకు తక్కువయే.

మంచి వైద్యుడు నాడి చూడక మందీయడు. ఇచ్చటను అట్లే. ఆట మొదటినుండియు మందముగా నడచుచున్నచో చిత్రభాగమునకు బలము చాలలేదని తఱచుగా భావింపవచ్చును. సాఫీగా నడచుచు ఉన్నట్టుండి నిలిచి మఱల సాగుచున్నచో ర్యాముపై గాని డిస్కుపై గాని అనుమానముంచవలెను. మొదటి పదినిమిషములు బాగుగా నడచి పిమ్మట కుంటుపడినచో అది వేడిమి లక్షణము. విండోస్ యంత్రములలో టాస్క్ మేనేజరను పలక యొకటి కలదు. ఏ యవయవము నూటికెంత పనిచేయుచున్నదో అది చూపును. పిల్లవానిని ఆ పలక తెఱచి చూపుమని యడుగుడు. వాడు చూపి వివరించినచో వానికి పాఠము, మీకు ప్రమాణము.

వేడిమిని గూర్చి ఒకింత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన నష్టము కలుగునది ఇచ్చటనే. పని హెచ్చినకొలది ప్రాసెసరు వేడెక్కును. నీరు మఱుగు 100 డిగ్రీల దరిదాపునకు చేరగానే అది తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. ఎండలో పరుగెత్తించిన ఎద్దు రొప్పుచు నడక తగ్గించినట్లే. ల్యాప్‌టాపు తన గాలిని తఱచుగా అడుగునున్న రంధ్రములనుండి పీల్చును. దానిని పరుపుమీదనో దిండుమీదనో పెట్టి ఆడుట దాని ముక్కు మూసి పరుగెత్తుమనుటయే. గట్టి బల్లమీద నుంచి, వెనుకభాగమును అంగుళము ఎత్తున నిలిపినచో గాలియాడును. దమ్మిడీ ఖర్చు లేదు. మన యూళ్ల దుమ్ము ఫ్యానునందు పేరుకొనును గనుక ఏడాది కొకమాఱైనను దానిని పని తెలిసినవానిచేత శుభ్రము చేయింపవలెను.

ఇక ఖర్చు లేని చికిత్సలను వరుసగా చెప్పుదును. ఛార్జరు తగిలించియే ఆడవలెను; బ్యాటరీమీద నున్నప్పుడు చాల యంత్రములు బలమును తగ్గించుకొనును. ఆటకు ముందు బ్రౌజరును, తక్కిన పనులను మూసివేయవలెను. బల్లమీది కాగితములు తీసివేయుట వంటిదిది. గ్రాఫిక్స్ డ్రైవరును తయారుచేసినవారి స్థానమునుండియే తెచ్చుకొని క్రొత్తది చేసికొనవలెను. పిమ్మట ఆటలోని యమరికలను తగ్గింపవలెను. ముందుగా మబ్బులు, నీడలు, దూరమునందలి కట్టడములు. అటుపిమ్మట తెఱ చుక్కల సంఖ్య. 1920 చేత 1080కి బదులు 1280 చేత 720 చాలుననుకొందము. చుక్కలు 9,21,600 అగును. క్షణమునకు 60 చిత్రములకు బదులు 30 చాలునని హద్దు పెట్టుదము. అప్పుడు క్షణమునకు గీయవలసిన చుక్కలు 2,76,48,000. మొదటి లెక్కతో పోల్చగా నాలుగున్నర రెట్లు తక్కువ! విమానపుటాటలో దృశ్యము మెల్లగా కదలును గనుక 30 చిత్రములు కంటికి కొఱతగా తోపవు. హద్దు పెట్టుటచే వేడిమియు తగ్గును. మంచమున్నంత మేరకే కాళ్లు చాపుకొనవలెనను పెద్దల మాటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

ఈ యాట నేలచిత్రములను ఇంటర్నెట్టునుండి ఎప్పటికప్పుడు దింపుకొనుచుండునని కూడ ఎఱుగవలెను. సెల్‌ఫోను డేటాతో పని గడుపుకొను నింట దినమునకు సరిపోవు డేటా యంతయు దీనికే పోవచ్చును. ఆ దింపుకోలును ఆపుటకు ఆటలోనే వీలు కలదు. ఆపినచో నేల సాదాగా కానవచ్చునే గాని ఆట నిలువదు.

కొద్ది ఖర్చుతో నగు చికిత్సలు రెండు. యంత్రమునందు తిరుగుడు డిస్కు ఉన్నచో దానికి బదులు ఎస్.ఎస్.డి. వేయించుట మొదటిది. దానివలన గీయు వేగము పెరుగదు గాని ఎదురుచూపులు చాలవఱకు తగ్గును. చదువు పనికిని లాభమే. రెండవది, ఖాళీ గది యున్నచో మఱియొక ర్యాము ముక్క చేర్చుట. ఉమ్మడి జ్ఞాపకముతో నడచు యంత్రములలో ఒక ముక్కకంటె జోడు ముక్కలు ఉండుట మేలు. రెండు త్రోవల రాకపోకలు సాగుటచే చిత్రభాగమునకు ఊపిరి యాడును. కొన్ని యంత్రములలో ర్యాము పలకకే అతికించబడియుండును. అట్టివానికి చేర్చుటకు వీలులేదు. గ్రాఫిక్స్ భాగమును మాత్రము సాధారణముగా ల్యాప్‌టాపులలో మార్చలేము. అంగడివాడు మార్చెదనన్నచో నమ్మి సొమ్మీయకుడు.

చేయరాని పనులు కొన్ని కలవు. వెల పెట్టలేక ఆట దొంగప్రతిని దింపుకొనుట మొదటిది. అది ధర్మము కాదనుట యటుండగా, అట్టి ప్రతులలో దాగి వచ్చు దుష్టప్రోగ్రాములు బ్యాంకు సంకేతపదములను దొంగిలింపగలవు. ఆ యంత్రముతోనే ఇంటివారు కరెంటు బిల్లు కట్టుచుందురని మఱవకుడు. ర్యామును ఇంటర్నెట్టునుండి దింపుకొనవచ్చుననియు, ఒక మీట నొక్కినచో వేగము రెట్టింపగుననియు చెప్పు ప్రకటనలు మోసములు. ర్యాము చేతితో పట్టుకొను వస్తువు. తీగలో దిగి రాదు. యంత్రపు టడుగుభాగము ఉబ్బినట్లు కానవచ్చినచో బ్యాటరీ చెడినదని తెలిసికొని వెంటనే ఛార్జరు తీసి వాడుక మాన్పింపవలెను. ఉబ్బిన బ్యాటరీ నిప్పంటుకొను ప్రమాదము కలదు. ఈ విషయమున పెద్దలు మొగమాటము పడరాదు.

ఇంత చేసినను కొన్ని యంత్రములు నడుపలేవు. 4 జీబీల ర్యాముతో ఈ యాటను కోరుట గుఱ్ఱపు బరువును మేకపై వేయుటయే. 2024 నవంబరు 19న వెలువడిన తరువాతి యాట కనీసముగనే 16 జీబీల ర్యామును కోరుచున్నది. క్రొత్తది వచ్చినప్పుడెల్ల కొనుచు పోయినచో ఆ పరుగునకు అంతము లేదు. అట్టిచోట కాదని చెప్పి యూరకుండక మఱియొక దారి చూపుట పెద్దరికము. 2006లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ ఆ కాలపు యంత్రములకై చేసినది. నేటి సామాన్యపు ల్యాప్‌టాపు దానిని మోయగలదు. ఫ్లైట్‌గేర్ అను మఱియొకటి ఉచితముగా లభించును. దానిని స్వచ్ఛందముగా పనిచేయు పలుదేశములవారు కలిసి పెంచిరి.

ఆ మాటకు వచ్చినచో ఈ యాటల పుట్టుకయే చిన్న యంత్రమునందు జరిగినది. అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయమున చదివిన బ్రూస్ ఆర్ట్‌విక్ తన తొలి విమానపుటాటను ఆపిల్ టూ అను చిన్న కంప్యూటరుకై వ్రాసెను. 1982లో మైక్రోసాఫ్టువారు అతని పనిని తమ పేర వెలువరించిరి. ఆపిల్ టూపై నడచిన ఆ తొలి యాటయందు మబ్బులు లేవు, నీడలు లేవు. కొన్ని గీతలే నేల, కొన్ని గీతలే కొండ. ఐనను ఆడినవారు ఎగిరితిమనియే మురిసిరి. ఆ గీతలనుండియే నేటి యద్భుతము పెరిగినది. తక్కువ సాధనముతో ఎక్కువ రాబట్టినవాడే ఈ విద్యకు మూలపురుషుడని మన పిల్లలకు చెప్పుట మేలు.

కడపట ఒక్క మాట. ఆ ల్యాప్‌టాపు చదువు ముగియువఱకు నిలువవలసిన వస్తువు. ఒక్క వేసవిలో ఆటకై దానిని మాడ్చినచో పరీక్షల వేళ ఆ యింట మఱల అప్పు పుట్టును. కుండలో కూడు కుండలోనే యుండవలెను, బిడ్డ మాత్రము దుడ్డువలె నుండవలెనన్నచో జరుగునా? ఆటకును యంత్రమునకును నడుమ ఒప్పందము కుదుర్చవలెను. ఇన్ని గంటలు, ఇంత వేడిమి, ఇన్ని చిత్రములు అని హద్దు వ్రాసికొమ్మని పిల్లవానికే చెప్పుడు. తన యంత్రపు శక్తి నెఱిగి, దానికి తగినట్లు తన కోరికను సవరించుకొనినవాడు ఆటతోపాటు సంసారపు లెక్కను కూడ కొంత నేర్చినవాడగును. ఆ పిమ్మట వాడు క్రొత్త యంత్రము కావలెనన్నచో, ఏది చాలలేదో, ఎందులకు చాలలేదో చెప్పగలడు. అట్టి విన్నపమును మాత్రము శ్రద్ధతో వినుడు.

సెలవు.