క్రెడిట్ కార్డు తీసుకోవచ్చునా?

(ప్రాథమిక సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మేము సంఘాలకు వచ్చినప్పుడు మీరు అడిగే ప్రశ్నలు మాకు చాలావరకు కంఠస్థమే. వెన్న శాతం ఎందుకు తగ్గింది, దాణా బస్తా ఎప్పుడు వస్తుంది, డాక్టరుగారు ఎందుకు రాలేదు. ఈ మధ్య వీటితో పాటు ఇంకొకటి చేరింది. "బ్యాంకువాళ్ళు క్రెడిట్ కార్డు ఇస్తామంటున్నారండీ, తీసుకోమంటారా?" అని. పాలబిల్లు నేరుగా ఖాతాలో పడుతున్నది కదా. పదిహేను రోజులకొకసారి తప్పకుండా సొమ్ము జమ అయ్యే ఖాతా ఎవరి కంటికైనా ఆనుతుంది. అందుకని ఫోనులు వస్తున్నవి. కొన్నిచోట్ల మనుషులే పాల కేంద్రం దగ్గరకు వచ్చి ఫారాలు నింపిస్తున్నారు. అందుచేత ఈ విషయం కొంచెం లెక్కలు వేసి మాట్లాడదలచుకున్నాము.

వారు మొట్టమొదట చెప్పే మాట "జీవితాంతం ఉచితం" అని. అది అబద్ధమేమీ కాదు. ప్రవేశ రుసుము, ఏటేటా కట్టే రుసుము లేవని ఆ మాటకు అర్థం. అంతవరకే అర్థం. వడ్డీ, ఆలస్య రుసుము, నగదు తీసిన రుసుము, వాటి మీద 18 శాతం జి.ఎస్.టి., ఇవన్నీ ఆ ఉచితంలోకి రావు.

కార్డు మీద వస్తువు కొంటే బ్యాంకు ఆ సొమ్ము దుకాణదారుకు ఇస్తుంది. నెలకొకసారి మనకు బిల్లు పంపుతుంది. బిల్లు వేసిన తరువాత కట్టడానికి ఇంకొక పద్దెనిమిది, ఇరవై రోజులు గడువు ఉంటుంది. బిల్లు తేదీ దాటిన మరునాడు కొన్న వస్తువుకు ఈ లెక్కన నలభై అయిదు, యాభై రోజుల వరకు వడ్డీ లేని అరువు దొరికినట్లే. మొత్తం బిల్లు గడువులోగా కట్టేవానికి ఇది నిజంగా లాభమే. ఇందులో దాపరికం లేదు, మేము కాదనము.

చిక్కంతా మొత్తం కట్టలేనప్పుడే. మన పల్లెల్లో వడ్డీ లెక్క నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాము. రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నపిల్లవానికి కూడా తెలుసు. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాణ్ణి ఊరంతా వెనకనుంచి తిడుతుంది. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర రూపాయలు. ఏడాదికి 42 శాతం. జి.ఎస్.టి. కలుపుకుంటే ఇంచుమించు 50. ఏడాదికి 30 శాతం దాటిన వడ్డీ అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది గాని, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. కాబట్టి ఆ గట్టు కూడా ఇప్పుడు లేదు.

మా దృష్టికి వచ్చిన ఒక సంగతి చెబుతాము. ఊరు, పేరు, బ్యాంకు చెప్పము. ఆమెకు రెండు గేదెలు. ఒకటి వట్టిపోయింది, రెండవది ఎండాకాలంలో పొదుగువాపు వచ్చి పాలు సగానికి పడిపోయింది. మందులకు, గడ్డికి, దాణాకు కార్డు మీద 30,000 రూపాయలు నగదు తీసింది. నగదు తీస్తే ఆ నలభై అయిదు రోజుల గడువు వర్తించదు, వడ్డీ తీసిననాటి నుండే నడుస్తుంది. ఈ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు. తీసినందుకు రెండున్నర శాతం రుసుము, దాని మీద పన్ను, కలిపి 885 రూపాయలు ముందే పోయినవి.

బిల్లు మీద రెండు అంకెలు ఉంటవి. ఒకటి మొత్తం బాకీ, రెండవది "కనీసం కట్టవలసినది". ఆమె బిల్లులో ఆ కనీసం నూటికి అయిదు. ఇంటిల్లిపాదీ అదే వాయిదా అనుకున్నారు. నెల తిరిగేసరికి 30,000 మీద వడ్డీ 1,050, పన్ను 189, వెరసి 1,239 రూపాయలు. ఆమె కట్టినది 1,562. అంటే అసలుకు చేరినది 323 రూపాయలు. ఇలా ఆరు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా కట్టింది. మొత్తం సుమారు 9,100 రూపాయలు కట్టిన తరువాత బాకీ ఇంకా సుమారు 28,100 నిలిచి ఉన్నది. బ్యాంకు తప్పు లెక్క వేసిందేమోనని కాగితాలు పట్టుకుని సంఘానికి వచ్చింది. మేము కూడబెట్టి చూశాము. లెక్క సరిగానే ఉన్నది. చివరకు ఈనడానికి సిద్ధంగా ఉన్న పడ్డను అమ్మి తీర్చింది. ఆ పడ్డ ఈని ఉంటే ఇంకొక సంవత్సరానికి ఆ ఇంట మూడు పాడిగేదెలు ఉండేవి.

కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలలు, సంవత్సరాలు సాగుతుందని ప్రతి బిల్లు మీద హెచ్చరిక ముద్రించాలని రిజర్వు బ్యాంకు నియమం ఉన్నది. ఆమె బిల్లు మీద కూడా ఉన్నది. ఇంగ్లీషులో ఉన్నది.

ఇక్కడ ఒక్క విషయం ఆలోచించండి. కార్డుకు నెలలు తెలుసు, గేదె ఈత తెలియదు. గేదె ఈనిన తరువాత తొమ్మిది, పది నెలలు పాలిస్తుంది. ఆపైన మూడు నాలుగు నెలలు, ఎద ఆలస్యమైతే ఇంకా ఎక్కువ, మేత తినడమే గాని పాలు ఉండవు. జీతగానికి ఒకటవ తేదీ వస్తుంది, బిల్లు కడతాడు. మనకు పాలబిల్లు తగ్గే రోజులే దాణా ఖర్చు తగ్గని రోజులు. కార్డు ఇస్తామన్నవారు మీ ఖాతాలో మంచి నెలలు చూసి హద్దు నిర్ణయిస్తారు. వట్టిపోయిన నెలలు మీరే చూసుకోవాలి. ఒకటి రెండు పశువులున్న ఇంటికి ఇది పెద్ద తేడా. ఏడెనిమిది పశువులుండి, ఏడాది పొడుగునా ఏదో ఒకటి పాలిచ్చే ఇంటికి అంత తేడా ఉండకపోవచ్చు.

సంఘం దాణా అరువిచ్చి పాలబిల్లులో కోసుకునే చోట్ల సభ్యునికి ఇప్పటికే ఒక కార్డు ఉన్నట్లే. పదిహేను రోజుల అరువు, వడ్డీ లేదు, హద్దు అతను పోసే పాలే. దానిని వదిలి, నూటికి రూపాయి తిరిగి వస్తుందని పట్నం దుకాణంలో కార్డు గీకి దాణా కొన్నవారిని చూశాము. ఇరవై వేలకు రెండు వందలు వస్తుంది. ఒక్కసారి గడువు తప్పితే ఆలస్య రుసుమే దానిని మించిపోవచ్చు.

ఆమె 30,000 రూపాయలు ఎక్కడ తీసుకుని ఉండవలసిందంటే, కిసాన్ క్రెడిట్ కార్డు మీద. రెండు పేర్లలోనూ క్రెడిట్ కార్డు అని ఉండడంతో మనవాళ్ళు రెండూ ఒకటే అనుకుంటున్నారు. కిసాన్ కార్డు 1998లో పంటలకోసం వచ్చింది. 2018-19 బడ్జెటులో పశుపోషణకు, చేపల పెంపకానికి కూడా ఇస్తామన్నారు. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వులు వచ్చినవి. భూమి లేకపోయినా పశువులుంటే చాలు. మేత, దాణా, మందులు, కూలి, నీరు, కరెంటు ఖర్చులకు ఇస్తారు. పశువుకు ఎంత అన్నది జిల్లా సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. 2025-26 సంవత్సరానికి పశుపోషణకు రెండు లక్షల వరకు వడ్డీ ఏడాదికి 7 శాతం, గడువులో తీర్చితే 3 శాతం రాయితీ, చివరకు 4 శాతం. మన లెక్కలో నెలకు ముప్పైమూడు పైసల వడ్డీ. పావలా వడ్డీ అంటే ఏమిటో మహిళా సంఘాల సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు, దాదాపు ఆ దరిదాపులలోనిదే. 30,000కు ఏడాది వడ్డీ 1,200 రూపాయలు. ఆమె ఆ రెండవ కార్డుకు ఒక్క నెలలో కట్టిన వడ్డీ, పన్ను 1,239.

మరి అందరూ దీనినే ఎందుకు తీసుకోరు? ఇది మనమే వెళ్ళి అడగాలి, నాలుగుసార్లు తిరగాలి. అది ఇంటికి వస్తుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. ఈ కార్డు నిర్వహణ ఖర్చులకు మాత్రమే. గేదె కొనడానికి టర్మ్ లోను వేరుగా అడగాలి. గేదెకు క్రెడిట్ కార్డు మీద బయానా ఇవ్వవద్దు.

అయితే ఎవరూ తీసుకోకూడదా అంటే అలా అనము. నెలజీతం వచ్చే కార్యదర్శులున్నారు, పట్నంలో పిల్లల చదువు ఖర్చులున్న రైతులున్నారు. ప్రతి నెలా మొత్తం బిల్లు కట్టగలమని గత సంవత్సరం పాసుబుక్కు చూసి చెప్పగలిగినవారు తీసుకోవచ్చు. మంచి నెల చూడకండి, అన్నిటికంటె తక్కువ పాలబిల్లు వచ్చిన నెల చూడండి. తీసుకునేటప్పుడు వడ్డీ, రుసుములు రాసి ఉండే ఒక పేజీ కాగితం దరఖాస్తుతో పాటే ఇవ్వాలని నియమం ఉన్నది. అది అడిగి పుచ్చుకుని, ఇంగ్లీషు వచ్చిన పిల్లలచేత చదివించుకోండి. బిల్లు తేదీ మార్చమని కోరే హక్కు కనీసం ఒకసారి ఉన్నది. కట్టవలసిన గడువు పాలబిల్లు పడిన మూడు నాలుగు రోజులకు వచ్చేటట్లు పెట్టించుకోండి. ఖాతా నుండి తనంతట తానే కోసుకునే ఏర్పాటు చేసుకుంటే కనీస మొత్తం దగ్గర కాక, మొత్తం బాకీ దగ్గర గుర్తు పెట్టండి. నగదు మాత్రం తీయవద్దు.

ఇప్పటికే తీసుకుని అక్కరలేదనుకున్నవారు బాకీ తీర్చి, మూసివేయమని రాసి ఇవ్వండి. ఏడు పనిదినాలలో మూయాలి, లేకుంటే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు ఇవ్వాలి. అడగకుండా పంపిన కార్డు సంగతి వేరు. దానిని వాడవద్దు, ఫోనుకు వచ్చిన అంకెలు ఎవరికీ చెప్పవద్దు. బాకీ పెట్టి ఊరుకుంటే ఆ మచ్చ ఋణ సమాచార సంస్థలలో నమోదవుతుంది. రేపు కిసాన్ కార్డుకో గేదెల లోనుకో వెళ్ళినప్పుడు మేనేజరుగారు మొదట చూసేది అదే.

కార్యదర్శులకు ఒక మనవి. పాల కేంద్రం దగ్గర కార్డు ఫారాలు నింపించడానికి వచ్చినవారిని కసరనక్కరలేదు గాని, సంఘం బల్ల, సంఘం ముద్ర వారికి ఇవ్వకండి. సంఘం చెప్పిందనే నమ్మకంతో సభ్యులు సంతకం పెడతారు. ఆ సమయం కిసాన్ కార్డు దరఖాస్తులకు పెట్టండి. ఆధారు, బ్యాంకు పాసుబుక్కు, ఫోటోలు, ఒక సంవత్సరం పాలు పోసిన లెక్కతో మీ ధ్రువపత్రం కలిపి శాఖకు ఇచ్చి, ముట్టినట్లు రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వని చోటు ఏదైనా ఉంటే, తిరిగిన తేదీలు రాసి మాకు పంపండి. వచ్చే పాలబిల్లు నాటికి మీ మీ సంఘాలలో ఎందరు అడిగారో ఆ జాబితా మాకు కావాలి.