కొడుకు కోరికను మోసిన తల్లి
(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "సినిమాలలో మాతృప్రేమ". గుడి ఆవరణలో సినిమా గురించి మాట్లాడమని పిలవడము నాకే కాస్త చిత్రముగా తోచింది. సినిమాకు వెళ్ళినవారిని ప్రభు బల్లకు దూరముగా ఉంచిన పెద్దలు పూర్వము ఉండేవారని మన ముసలివారు చెప్పగా విన్నాము. అయినా గోదావరికి ఈ గట్టున గాని ఆ గట్టున గాని సినిమా చూడని ఇల్లు ఎక్కడున్నది? చూసినదానిని గురించి దాచుకోకుండా మాట్లాడుకోవడమే మేలని ఒప్పుకున్నాను.

మన తెలుగు సినిమాలో తీరని రోగము కొత్తది కాదు. 1981లో వచ్చిన "ప్రేమాభిషేకం"లో అక్కినేనివారికి కాన్సరు. 1989లో వచ్చిన "గీతాంజలి"లో ఇద్దరికీ మృత్యువు దగ్గరలోనే ఉన్నది. కాని ఇవి ప్రేయసీ ప్రియుల కథలు. తల్లి పక్కన నిలబడి కళ్ళు ఒత్తుకుంటుంది, అంతే. 1993లో వచ్చిన "మాతృదేవోభవ" తల్లి కథే. అక్కడ రోగము తల్లికి. భర్త పోయి, తానూ పోబోతున్నానని తెలిసిన ఆ ఇల్లాలు బిడ్డలను ఒక్కొక్కరినీ ఒక్కొక్క ఇంటికి పంచి ఇస్తుంది. కాళ్ళు సరిగా లేని కొడుకును మాత్రము తీసుకొనేవారు దొరకరు. ఆ భాగము వచ్చేసరికి హాలులో చీర కొంగు తడవనివారు లేరు. అది మలయాళములో అదే సంవత్సరము వచ్చిన "ఆకాశదూత్" కథ అని చాలామందికి తెలియదు. మన ఊరి కథే అనుకున్నారు.

తల్లి పోతూ బిడ్డలను విడిచిపెట్టడము ఒక దుఃఖము. కళ్ళ ఎదుట కొడుకు రోజుకు కొంత చొప్పున పోతుంటే తల్లి బ్రతికి ఉండి చూడడము మరొకటి. ఈ రెండవ దుఃఖము మీద వచ్చిన సినిమా ఒకటి ఉన్నది. పేరు "సలామ్ వెంకీ". 2022 డిసెంబరులో విడుదలైంది. హిందీ చిత్రము. దర్శకురాలు రేవతి; "ప్రేమ", "అంకురం", "గాయం" సినిమాలలో నటించిన మనకు తెలిసిన రేవతిగారే. తల్లి వేషము కాజోల్, కొడుకు వేషము విశాల్ జేత్వా వేశారు. జడ్జిగా మన ప్రకాష్‌రాజ్ కనిపిస్తారు. ఈ కథ కల్పన కాదు. హైదరాబాదులో జరిగినది. శ్రీకాంత్ మూర్తి అనే రచయిత ఇంగ్లీషులో పుస్తకముగా వ్రాస్తే దాని ఆధారముగా తీశారు. తెలుగు తల్లి కథ తెలుగువారికి హిందీలో చేరవలసి వచ్చింది. హాళ్ళలో పెద్దగా ఆడలేదు కూడా.

అసలు కథ చెబుతాను. ఆ యువకుడి పేరు కొలవెన్ను వెంకటేష్. తల్లి పేరు సుజాత. వెంకటేష్ చదరంగములో పేరు తెచ్చుకున్న కుర్రవాడు. అతనికి చిన్ననాడే పట్టిన రోగము డుషేన్ కండర క్షీణత. ఇది ఏమిటో కొంత తెలుసుకోవాలి, ఎందుకంటే మన జిల్లాలలోనూ ఈ పిల్లలున్నారు, పేరు తెలియకుండానే ఉన్నారు.

మగపిల్లవాడు పుడతాడు, బాగానే ఉంటాడు. కాస్త ఆలస్యముగా నడుస్తాడు. మూడు నాలుగేళ్ళు వచ్చేసరికి తరచు పడిపోతుంటాడు, మెట్లు ఎక్కలేడు. నేల మీదనుండి లేవాలంటే ముందు వంగి, చేతులు మోకాళ్ళ మీద, తరువాత తొడల మీద ఆనించి తన ఒంటినే నిచ్చెనలాగ ఎక్కుతాడు. పిక్కలు లావుగా కనిపిస్తాయి గనుక ఇంట్లోవాళ్ళు బలముగా ఉన్నాడని మురుస్తారు. కాని అది కండ కాదు, కండ పోయినచోట చేరిన కొవ్వు. కండరాన్ని నిలబెట్టే ఒక మాంసకృత్తు ఈ పిల్లల శరీరములో తయారు కాదు. పది పన్నెండేళ్ళకు చక్రాల కుర్చీ వస్తుంది. ఆ తరువాత చేతులు, ఆ తరువాత ఊపిరి తీసే కండరాలు, గుండె. మనసు మాత్రము తెలివిగానే ఉంటుంది. సుమారు నాలుగైదు వేల మగపిల్లలలో ఒకరికి వస్తుందని వైద్యులు చెబుతారు. స్టెరాయిడ్ మందులు, వ్యాయామ చికిత్స, ఊపిరికి యంత్రసహాయము వలన ఇప్పుడు ముప్పై ఏళ్ళు దాటి బ్రతికేవారు ఉన్నారు. పూర్తిగా నయము చేసే మందు లేదు.

వెంకటేష్ ఇరవై నాలుగైదేళ్ళ వరకు వచ్చాడు. అన్నేళ్ళు ఎత్తి దించి, త్రిప్పి పడుకోబెట్టి, తినిపించి, కడిగి, ఆడించినది తల్లి. 2004 చివరకు అతడు ఆసుపత్రిలో, ఊపిరి యంత్రము మీద ఉన్నాడు. అప్పుడు అతడు తల్లిని ఒక కోరిక కోరాడు. నా శరీరములో ఇంకా పనికివచ్చే అవయవాలు ఉన్నాయి, అవి పాడుకాక ముందే యంత్రము తీసివేయించి ఇతరులకు ఇప్పించు అన్నాడు. ఆ తల్లి కొడుకు కోరికను హైకోర్టుకు తీసుకువెళ్ళింది.

సహోదరీలారా, ఇక్కడ మనము ఆగి ఆలోచించాలి. కొడుకును బ్రతికించమని మొక్కుకున్న తల్లులను చూశాము. కొడుకును పోనివ్వమని న్యాయస్థానమును అడిగిన తల్లిని ఏమనాలి?

ఆనాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ విన్నపమును త్రోసిపుచ్చింది. వేరే దారి న్యాయమూర్తులకు లేదు. జీవించే హక్కులో చనిపోయే హక్కు ఇమిడి లేదని 1996లోనే సుప్రీంకోర్టు జ్ఞాన్ కౌర్ కేసులో చెప్పివున్నది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము మెదడు చనిపోయినదని వైద్యుల బృందము ఆరు గంటల ఎడముతో రెండుసార్లు నిర్ధారించిన తరువాతనే గుండె, కాలేయము వంటివి తీయాలి. వెంకటేష్ మెదడు చావలేదు సరికదా, గదిలో ఉన్న అందరికంటె చురుకుగా ఉన్నది. చిక్కు అంతా అక్కడే. తీర్పు వచ్చిన కొద్ది రోజులలోనే, 2004 డిసెంబరులోనే, అతడు కన్నుమూశాడు. అప్పటికి లోపలి అవయవాలు పనికిరాలేదు. కళ్ళు మాత్రము ఇచ్చారు. కళ్ళకు మెదడు చావు, యంత్రము అక్కరలేదు. గుండె ఆగిన తరువాత ఆరు గంటలలోగా తీసుకోవచ్చును.

సినిమా ఈ కథను ఎలా చెప్పింది? నా అభిప్రాయము దాచను. కొన్ని చోట్ల కన్నీరు బలవంతముగా పిండారు. లాయరు, పత్రికా విలేఖరి, కోర్టు, టీవీ అంటూ కథ బయటకు పరుగెత్తినప్పుడల్లా సినిమా పలచబడింది. కొడుకు పాత "ఆనంద్" సినిమాలో మాటలు పలుకుతూ అందరినీ నవ్విస్తుంటాడు. ఇంత నవ్వు ఆసుపత్రిలో ఎవరికి వస్తుందని మొదట విసుక్కున్నాను. తరువాత తోచింది, ఆ నవ్వు తల్లి కోసమని. తల్లికి తోడుగా ఒక మనిషి కనిపిస్తూ ఉంటాడు, ఆ వేషము ఆమిర్ ఖాన్ వేశారు. అతడు ఆమెకు తప్ప ఎవరికీ కనబడడు. రాత్రివేళ ఆసుపత్రి వరండాలో కూర్చొని ఎవరితోనో మాట్లాడుకున్న తల్లులకు ఆ మనిషి ఎవరో విడమరచి చెప్పనక్కరలేదు.

కాజోల్ నటనలో నాకు నచ్చినది ఏడ్పు కాదు. మొదట ఆమె కొడుకు మాట వినదు. కోప్పడుతుంది, మాట మారుస్తుంది. ఒప్పుకోవడానికి ఆమెకు సినిమాలో చాలాసేపు పడుతుంది. ఇంట్లో అయితే ఎన్ని సంవత్సరాలు పట్టేదో.

దీనికి ఎదురుగా మరొక తల్లిని పెట్టి చూడండి. 1992లో అమెరికాలో "లొరెంజోస్ ఆయిల్" అనే సినిమా వచ్చింది. అదీ జరిగిన కథే. లొరెంజో ఓడోన్ అనే పిల్లవాడికి నరాల రోగము వచ్చింది, రెండేళ్ళకు మించి బ్రతకడన్నారు. తల్లి మికేలా, తండ్రి ఆగస్టో ఇద్దరూ వైద్యులు కారు. గ్రంథాలయములో కూర్చొని వైద్య పత్రికలు చదివి, రెండు నూనెల మిశ్రమము చేయించి కొడుకుకు పట్టారు. అప్పటికే పోయిన చూపు, మాట తిరిగి రాలేదు. కాని అతడు 2008 వరకు, ముప్పై ఏళ్ళు, బ్రతికాడు. తల్లి మికేలాయే ముందుగా 2000లో చనిపోయింది. ఈమె వదలని తల్లి. నర్సులతో పోట్లాడింది, తోటి తల్లిదండ్రులతో పోట్లాడింది. అయినా ఆ సినిమాలోనే ఒక రాత్రి కొడుకు మూర్ఛలతో కొట్టుకుంటుంటే, ఇక ఓపలేకపోతే బాలయేసు దగ్గరకు వెళ్ళిపోవచ్చునని చెవిలో చెబుతుంది. కాబట్టి వదలని తల్లి ఒకరు, వదిలిన తల్లి ఒకరు అని రెండు గదులుగా విడదీయడము కుదరదు.

మన గ్రంథములోనూ ఈ తల్లులున్నారు. హాగరు అరణ్యములో నీళ్ళు అయిపోయినప్పుడు పిల్లవాడిని పొద క్రింద ఉంచి, వాడి చావు చూడలేక వింటివేత దూరము వెళ్ళి కూర్చున్నది. ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. షూనేమీయురాలి కొడుకు కోతలు కోసే పొలములో తల పట్టుకొని పడిపోయాడు. మన వరికోతల రోజులలో అయితే వడదెబ్బ అంటాము. మధ్యాహ్నము దాకా తల్లి తొడ మీదనే ఉండి చనిపోయాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు, గాడిదకు గంత కట్టించి ప్రవక్త కోసము కర్మెలు దాకా వెళ్ళింది, ఆయన కాళ్ళు పట్టుకొని వదలలేదు. మరియ సిలువ దగ్గర నిలువబడియున్నది. ముగ్గురు మూడు దూరాలలో ఉన్నారు. ప్రేమ ఎక్కువ తక్కువ అని దూరమును బట్టి కొలవగలమా?

సుజాత చేసినది తప్పేనని మన సంఘములో చాలామంది అంటారు, ఆ మాటను నేను తేలికగా త్రోసివేయను. ప్రాణము ఇచ్చినవాడే తీసుకోవాలి. ఇంకొక భయము కూడ ఉన్నది. ఈ వాకిలి ఒకసారి తెరిస్తే, మంచము పట్టిన ముసలివారిని, ఖర్చు భరించలేని బీదలను అటు నెట్టేవారు వస్తారు. పొలము అమ్మి వైద్యము చేయించే కుటుంబాలు మన మధ్య ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. బ్రతికి ఉండగానే అవయవాలు తీయడము వైద్యుని చేత ప్రాణము తీయించడమే అవుతుంది. ఈ విషయములో కోర్టు సరిగానే చెప్పిందని నేను నమ్ముతున్నాను. కాని యంత్రముతో ఊపిరిని సాగదీయడము వేరు, ప్రాణమును కాపాడడము వేరు. ఈ భేదమును తరువాత సుప్రీంకోర్టు కూడ గుర్తించింది. 2011లో ముంబై నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో, తిరిగి 2018లో అయిదుగురు న్యాయమూర్తుల తీర్పులో, బాగుపడే ఆశ లేని రోగికి యంత్రసహాయము నిలిపివేయడానికి, ముందుగానే తన ఇష్టమును వ్రాసిపెట్టుకోవడానికి షరతులతో అనుమతి ఇచ్చింది. 2023లో ఆ పద్ధతిని కొంత సులభము చేసింది. వెంకటేష్ కోరినదానిలో సగము ఈనాడు చట్టము ఒప్పుకొనవచ్చును. బ్రతికి ఉండగా అవయవాలు ఇచ్చే రెండవ సగము ఈనాటికీ ఒప్పుకొనదు.

తల్లి విషయములో మాత్రము నాకు సందేహము లేదు. ఆమె అడిగినది తన విశ్రాంతి కాదు. కొడుకు మాట్లాడలేని చోట కొడుకు మాటను తీసుకువెళ్ళింది. లోకము తనను ఏమంటుందో తెలిసే వెళ్ళింది.

చివరగా మన ప్రాంతపు సంగతి ఒకటి. కోనసీమలో ఒక లంక గ్రామములో నేనెరిగిన ఒక తల్లి ఉండేది. పన్నెండేళ్ళ కొడుకును చంకన వేసుకొని, పడవ ఎక్కించి, రేవు దాటించి బడికి తీసుకువెళ్ళేది. అదే రోగము. ఇది నీ పుట్టింటి రోగము, మా ఇంటికి తెచ్చావు అని అత్తగారు సాధించేది. మేనరికము వలన వచ్చిందని ఊరు అనేది. ఈ రెండు మాటలకూ జవాబు ఉన్నది. మేనరికమునకు, ఈ రోగమునకు సంబంధము లేదు. ఇది ఎక్స్ క్రోమోసోము మీదుగా తల్లి నుండి కొడుకుకు వచ్చేమాట నిజమే, కాని తల్లికి తెలిసి వచ్చేది కాదు. మూడింట ఒక వంతు పిల్లలలో తల్లి వైపు ఏ లోపమూ లేకుండానే కొత్తగా పుడుతుంది. లోపమును మోసే తల్లికి పుట్టిన ప్రతి కొడుకుకూ రావాలని లేదు, సగము అవకాశము. కూతురికి రోగము సాధారణముగా రాదు గాని తల్లివలె మోసే అవకాశము ఉంటుంది.

ఆ బాబు పదిహేడో ఏట పోయాడు. సమాధి కార్యక్రమము అయిన వారానికి ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్న కొడుకు గురించి కాదు. పెళ్ళీడుకు వచ్చిన తన కూతురికి రక్త పరీక్ష చేయించాలా అని. ఆమె అత్తగారే ఇంట్లో దాచిన డబ్బు తీసి చేతికి ఇచ్చింది. మరుసటి సోమవారము మేము నలుగురము, ఆ అత్తగారితో సహా, మొదటి బస్సుకు కాకినాడ పెద్దాసుపత్రికి బయలుదేరాము. రక్తము హైదరాబాదు పంపవలసి ఉంటుందని, జవాబుకు కొన్ని వారాలు పడుతుందని డాక్టరుగారు చెప్పారు.