ముందు బొమ్మ, తర్వాత బొమ్మ: మధ్యలో రైతు
(సంఘం సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



2024 జూలై 30 తెల్లవారుజామున కేరళలోని వయనాడ్‌లో కొండ విరిగిపడింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం రెండు బొమ్మలు విడుదల చేసింది. ఒకటి 2023 మే నాటిది, రెండోది ప్రమాదం జరిగిన మర్నాటిది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే సుమారు 86 వేల చదరపు మీటర్ల నేల, మన లెక్కలో 21 ఎకరాలు, జారిపోయిందని తేలింది. బురద, బండలు ఏటి వెంట 8 కిలోమీటర్లు పోయాయి. దారులు తెగిన చోట ఆ బొమ్మల విలువ ఇంతా అంతా కాదు.

నెల తిరిగేసరికి మన వంతు వచ్చింది. బుడమేరు విజయవాడను ముంచింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వెళ్లింది. లంకల్లో అరటి, పసుపు, కంద మునిగాయి.

మబ్బు పట్టినప్పుడు మామూలు కెమెరాకు నేల కనిపించదు. అందుకే రాడార్ ఉపగ్రహాలు వాడతారు. నిశ్చలంగా ఉన్న నీటి మీద పడిన రాడార్ తరంగం తిరిగి రాదు, అక్కడ బొమ్మ నల్లగా పడుతుంది. ముందు బొమ్మలో తెల్లగా ఉండి తర్వాత నల్లబడితే అది ముంపు.

మరి నాట్లు వేసిన వరి మడి సంగతేమిటి? అది వరదకు ముందూ నీళ్లతోనే ఉంటుంది కదా! ఉపగ్రహం పైనుంచి వెళ్లేలోపే నీరు తీస్తే ఆ ముంపు బొమ్మలో పడదు. నీరు తీసిన వారానికి అరటి వేరు కుళ్లితే ఆ నష్టం ఏ లెక్కలోకి వస్తుంది? ఆ చేను చేసేది కౌలు రైతని ఏ ఉపగ్రహమూ చెప్పదు.

విపత్తు నిధి నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన పోతేనే పెట్టుబడి రాయితీ. 32 దగ్గర ఆగితే చేతికి పైసా రాదు. అంత తేడా తెచ్చే లెక్కను బొమ్మ ఒక్కదానికే వదిలేయడానికి మనం ఒప్పుకోం.

బొమ్మలు వద్దని మనం అనడం లేదు. వాటిని మన సాక్ష్యంగా తెచ్చుకుందాం అంటున్నాం. అందుకే అడుగుతున్నాం:

ముంపు పటాలను సర్వే నంబర్లతో సహా గ్రామసభలో పెట్టాలి. బొమ్మ ఏ తేదీన తీసిందో రాయాలి. బొమ్మలో లేని చేనును అధికారి వచ్చి చూడాలి. నీరు తీశాక రెండోసారి లెక్క కట్టాలి. సాగు చేసిన కౌలు రైతు పేరే జాబితాలో ఉండాలి.

మన పని మనమూ చేద్దాం. పంట నమోదు తప్పకుండా చేయించుకుందాం. వరద రాకముందే చేను ఫొటో తీసి పెట్టుకుందాం, వచ్చాక అదే గట్టు మీద నిలబడి మళ్లీ తీద్దాం. తేదీ, సర్వే నంబరు రాసి ఉంచుదాం. ఆకాశం నుంచి ఒక బొమ్మ, గట్టు మీద నుంచి ఒక బొమ్మ. రెండూ బల్ల మీద పెట్టి మాట్లాడితే మన చేను మునగలేదని చెప్పడం ఎవరికీ అంత తేలిక కాదు.