బంగారు పూసిన ముఖములు

పటమున కెక్కుటకు రాజో, వేల్పో కావలెనని పూర్వు లెంచిరి. 1962లో అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ ఈ నమ్మకమును వేళాకోళము చేసెను. అంగడిలో అమ్ముడుపోవు సూపు డబ్బాలను 32 పటములుగా వ్రాసి ప్రదర్శించెను. ఆ యేడే మరణించిన సినిమాతార మార్లిన్ మన్రో ముఖమును బంగారువన్నె పటము నడుమ నిలిపెను. అతని తలిదండ్రులు ఐరోపాలోని కార్పేతియన్ కొండసీమనుండి వలస వచ్చినవారు. ఆ సీమ గుడులలో పునీతుల పటములకు వెనుకతట్టు బంగారమే. పునీతులకు చెల్లిన పసిడి వెండితెర బొమ్మకు దక్కినది. ఇది భక్తియా, ఎగతాళియా యని యడిగినచో, రెండు ననియే నా తలంపు.

ఈ దారిని మన తెలుగునాట తనదిగా చేసికొన్నవాడు జి. రవీందర్ రెడ్డి. ఆయన 1956లో సూర్యాపేటలో పుట్టి, బరోడాలోను లండనులోను విద్య నభ్యసించి, విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో శిల్పము బోధించెను. శిల్పి యన్నమాటే గాని, ఆయన పనిలో సగము చిత్రకారునిదే. మట్టితో తల మలచి, ఫైబరుగ్లాసుతో పోతపోసి, దానిపై మెఱుగురంగు పూయును. లేదా బంగారురేకు నద్దును. కొన్ని తలలు నిలువెత్తు మనిషిని మించును. రెప్ప వాల్పని తెల్లని కన్నులు, ఎఱ్ఱని పెదవులు, కొప్పునిండ పూలు! వెనుకకు పోయి ఆ కొప్పును చూడనివాడు సగమే చూచినట్లు. ఒక శిరస్సునకు విశాఖ చెంతనున్న కాపులుప్పాడ స్త్రీ యని పేరు.

ఇందులో హాస్యమెక్కడ నని కొందఱందురు. నాకు తోచినంతలో అది బొమ్మలో లేదు. బొమ్మయెదుట నిలిచిన మనలో నున్నది. ఉద్దానమున గ్రామదేవత పెద్దకన్నులకు చేతులు జోడింతుము. పలాస జీడి కార్ఖానాలలో పిక్కలు కొట్టి, పెంకునూనెకు వ్రేళ్లు నల్లబడిన ఆడుబిడ్డ యెదురుపడినచో ఆమె కన్నులవంక చూడము. పప్పు ధర మాత్రము బేరమాడుదుము. ఆ ముఖమునే పదింతలు పెంచి పసిడి పూసినంతనే మన చేతులు తడబడును. దండము పెట్టవలెనా? వెల యడుగవలెనా?

అట్టి శిరస్సు నొకదానిని పలాస రైలుస్టేషను ముంగిట నిలిపి, దిగినవారిలో ఎందఱు చెప్పులు విడుతురో, ఎందఱు బంగారము తూకము విచారింతురో చూడవలెనని నాకు మిక్కిలి కోరికగా నున్నది.