రాజ్యాంగ హక్కులు - న్యాయస్థానం - మాతృభాషా పాఠశాల



ఉత్సవ వేళ న్యాయస్థానాల ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చాడన్న సామెత తెలుగువారికి కొత్త కాదు. అయితే ఆ సామెత పుట్టినది ఆస్తి తగాదాలలో. ప్రభుత్వం పౌరుని హక్కును కాలరాచినపుడు తొక్కవలసిన గడప వేరు. రాష్ట్రం వెలుపల తెలుగు పాఠశాలను నిలుపుకొంటున్న సమాజానికి ఆ గడప ఎక్కడ ఉన్నదో తెలిసి ఉండటం అత్యవసరం.

భారత రాజ్యాంగం హక్కులను పేర్కొని ఊరుకొనలేదు. వాటిని సాధించుకొనే మార్గాన్నికూడ హక్కుగానే ప్రసాదించింది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినపుడు 32వ అధికరణం క్రింద పౌరుడు నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించవచ్చు. ఈ అధికరణాన్నే డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగానికి ఆత్మగా, హృదయంగా 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో అభివర్ణించారు. 226వ అధికరణం ఇదే అధికారాన్ని ఇంకా విస్తృతంగా హైకోర్టులకు ఇచ్చింది. ప్రాథమిక హక్కులకే కాక ఇతర చట్టబద్ధ హక్కుల రక్షణకుకూడ హైకోర్టు రిట్లు జారీ చేయవచ్చు. అందుచేత సామాన్యునికి దగ్గరి ద్వారం హైకోర్టే.

రిట్లు ఐదు విధాలు. అక్రమ నిర్బంధంలో ఉన్నవానిని న్యాయస్థానం ముందు నిలబెట్టేది హెబియస్ కార్పస్. అధికారి తన విధిని నెరవేర్చకపోతే నెరవేర్చమని ఆజ్ఞాపించేది మాండమస్. అధికార పరిధి దాటిన విచారణను ఆపేది ప్రొహిబిషన్, అట్టి ఉత్తర్వును రద్దుచేసేది సెర్షియొరరీ. అర్హత లేకుండా ప్రభుత్వ పదవిలో కూర్చున్నవానిని ఏ అధికారంతో కూర్చున్నావని నిలదీసేది కో వారంటో.

ఈ మార్గానికి ఎంత బలమున్నదో బీహారుకు చెందిన రుదుల్ షా ఉదంతం చాటుతుంది. 1968లో న్యాయస్థానం నిర్దోషిగా విడుదల చేసిన ఆ మనిషి 1982 వరకు, పదునాలుగేళ్ళపాటు, జైలులోనే మగ్గిపోయాడు. 32వ అధికరణం క్రింద దాఖలైన పిటిషన్‌పై 1983లో సుప్రీంకోర్టు అంతకుముందు చెల్లించిన 5,000 రూపాయలకు అదనంగా 30,000 రూపాయల పరిహారం ఇప్పించింది. పోయిన పదునాలుగేళ్ళకు అది పరిహారమా అంటే కాదు. కాని హక్కుకు భంగం కలిగిస్తే ప్రభుత్వమే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఆ తీర్పుతో స్థిరపడింది.

ఇక భాష సంగతి. తమ భాషను, లిపిని, సంస్కృతిని పరిరక్షించుకొనే హక్కు 29వ అధికరణం ఇచ్చింది. తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కు భాషా అల్పసంఖ్యాకులకు 30వ అధికరణం ఇచ్చింది. అల్పసంఖ్యాకులెవరో రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని కర్ణాటకనుండి వచ్చిన టి.ఎం.ఎ.పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2002లో తేల్చింది. కోట్లమంది మాట్లాడే తెలుగు బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో అల్పసంఖ్యాకుల భాష కావటంలోని అంతరార్థం ఇదే.

1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన 350-ఎ అధికరణం, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని నిర్దేశించింది. ఇది ప్రాథమిక హక్కుల అధ్యాయంలో లేదు. కనుక 29, 30 అధికరణాలకున్నంత పదును దీనికి లేదు. ఏ అధికరణానికి ఎంత బలమో ఎరిగి అడగటమే వివేకం.

న్యాయస్థానం ఇచ్చినదంతా శాశ్వతం కాదన్న సంగతికూడ గుర్తుంచుకోవాలి. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. పదవ తరగతి తమిళ పరీక్షనుండి భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు మద్రాసు హైకోర్టు 2019లో కొన్నేళ్ళపాటు మినహాయింపునిచ్చింది. సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో మరొక ఏడాదికి పొడిగించింది. అది ఉపశమనమే కాని అంతిమ నిర్ణయం కాదు. మహారాష్ట్రలో మరాఠీ బోధనను తప్పనిసరి చేయటాన్ని సుప్రీంకోర్టు 2004లో సమర్థించింది. నివసించే రాష్ట్రపు భాషను నేర్వటం బరువు కాదు, బలం. అయితే దానికోసం మాతృభాషను వదులుకొనవలసిన పని లేదు.

ఆచరణకు వస్తే, మొదటి మెట్టు న్యాయస్థానం కాదు, వినతిపత్రం. ఉపాధ్యాయుల ఖాళీలు నింపకపోయినా, తెలుగు పాఠ్యపుస్తకాలు అందకపోయినా సంబంధిత అధికారికి వ్రాతపూర్వకంగా తెలిపి, అందినట్లు రసీదు పుచ్చుకొని, నకలు భద్రపరచాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద దస్త్రం ఎక్కడ ఆగినదో అడిగితే సాధారణంగా ముప్పది దినాలలో సమాధానం రావాలి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకుంటే ఆ కాగితాలే రిట్ పిటిషన్‌కు పునాది. ఏళ్ళతరబడి ఉపేక్షించి ఆనక పరుగెత్తినవారిని హైకోర్టు ఆలస్యమనే కారణంతోనే త్రిప్పి పంపవచ్చు.

ఏ హైకోర్టు అన్నదీ ముఖ్యమే. చుట్టూ ఆంధ్రదేశమే ఉన్నా యానాం పౌరుడు వెళ్ళవలసినది మద్రాసు హైకోర్టుకు. పుదుచ్చేరి ఆ కోర్టు పరిధిలోనిది. బరంపురం వారికి కటకం. షోలాపురం వారికి ముంబయి దూరం తగ్గింది. 2025 ఆగస్టునుండి కొల్హాపురంలో బొంబాయి హైకోర్టు సర్క్యూట్ బెంచి పనిచేస్తున్నది. ఖర్చుకు వెరచి వెనుదీయనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాల, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

చివరగా ఒక కఠిన సత్యం. ప్రాథమిక పాఠశాలలలో మాతృభాషా మాధ్యమాన్ని నిర్బంధం చేసిన కర్ణాటక ఉత్తర్వుల విషయమై 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. బోధనా మాధ్యమాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ బిడ్డ పక్షాన తల్లిదండ్రులదేననీ, ప్రభుత్వం దానిని నిర్బంధించరాదనీ నిర్ణయించింది. ఈ తీర్పు ఇరువైపులా పదునున్న కత్తి. తెలుగులో చదివించదలచిన తండ్రికి అడ్డుపడే హక్కు ఎవరికీ లేదు. తెలుగు వద్దనుకొన్న తండ్రిని ఆపే శక్తికూడ ఏ న్యాయస్థానానికీ లేదు.

పాఠశాల తలుపులు మూయబోయే చేతిని కోర్టు ఆపగలదు. ఉపాధ్యాయుని నియమించమని ఆజ్ఞాపించగలదు. తరగతి గదిలో పిల్లలను కూర్చోబెట్టలేదు. ఆ తీర్పు ప్రతి జూన్ మాసంలోనూ ఇంటింటా వెలువడుతుంది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. హక్కును అడగటమెలాగో రాజ్యాంగం చూపింది. ఆ హక్కును అనుభవించే బిడ్డను బడికి పంపవలసినది తల్లిదండ్రులే.