మహమ్మారి నడుమ బడిత్రోవ

(సమితి వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



పాటలు, నాటికలు వినుటకై కూడిన ఈ సభలో బడిపిల్లల క్షేమమును గూర్చి మాటాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. ఉత్సవవేళ ఇట్టి ప్రస్తావన కొందఱికి వింతగా తోచవచ్చును. కాని మనము కేంద్ర ప్రభుత్వోద్యోగులము. బదిలీ ఉత్తరువు చేతికందిన దినమున మనలను మొదట పట్టుకొను చింత ఇంటిని గూర్చినది కాదు, పిల్లల బడిని గూర్చినది. క్రొత్త ఊరు, క్రొత్త భాష, నడుమ తెగిన పాఠము మన పిల్లల నెంత బాధించునో మన మెఱుగుదుము. ఢిల్లీ చేరిన తెలుగు కుటుంబముల పిల్లలకొఱకు 1948లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ పూనికతో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ వెలసినదన్న, అందులకు మూలము ఇట్టి చింతయే.

2020లో దేశమందలి పిల్లలందఱికిని ఒక్కసారిగా బదిలీ అయినట్లయినది. కాని వారు చేరుటకు వేఱొక బడి లేదు.

ఆ సంవత్సరము మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని మహమ్మారిగా ప్రకటించినది. ఆ నెల ముగియక మునుపే దేశమంతట బడులు మూతపడినవి. యునిసెఫ్ వారి లెక్కచొప్పున 15 లక్షల బడులు, 24 కోట్ల 70 లక్షల పిల్లలు ఈ మూతకు లోనైరి. రోగస్వభావము తెలియని తొలిదినములలో బడులు మూయుట తప్పనుటకు వీలు లేదు. కాని మఱల తెఱచుటలో మనము పాటించిన వరుసను ఒకసారి స్మరింపుడు. 2020 మే 4 నుండి అనేక రాష్ట్రములలో మద్యపు దుకాణములు తెఱచిరి. జూన్ 8 నుండి భోజనశాలలకు, అక్టోబరు 15 నుండి సగము సీట్లతో సినిమాహాళ్లకు అనుమతి లభించినది. బడుల విషయము అక్టోబరు 15 తరువాత రాష్ట్రముల నిర్ణయమునకు విడువబడినది. ఆంధ్రప్రదేశ్‌లో నవంబరు 2న, ఢిల్లీలో 2021 జనవరి 18న, తెలంగాణలో ఫిబ్రవరి 1న పెద్ద తరగతులవారు మాత్రము రాసాగిరి. అంతలో రెండవ ఉధృతి వచ్చి ఆ తలుపులును మూతపడినవి. ఢిల్లీలో చిన్న తరగతులు 2021 నవంబరు 1న తెఱచుకొనియు, పొగమంచు కాలుష్యము వలన, పిమ్మట ఒమిక్రాన్ వలన మఱల ఆగిపోయినవి. 2020లో ఒకటవ తరగతిలో చేరిన పసివాడు ఇచ్చట కుదురుగా బల్లపై కూర్చుండుట 2022 ఫిబ్రవరి 14 తరువాతనే. అప్పటికి వాని రెండవ తరగతియే ముగియవచ్చినది.

ఇంతకాలము ఇంట దాచియుంచిన పిల్లలు వ్యాధినుండి తప్పించుకొనిరా? భారత వైద్య పరిశోధనా మండలి 2021 జూన్, జూలై నెలలలో జరిపిన రక్తపరీక్షలలో 6 మొదలు 9 ఏండ్ల పిల్లలలో నూటికి 57 మందికి, 10 మొదలు 17 ఏండ్ల వారిలో నూటికి 61 మందికి పైగా ప్రతిరక్షకములు కనబడినవి. అనగా అధికభాగము బడులు మూసియుండగనే సగమునకు మించిన పిల్లలకు వ్యాధి సోకిపోయినది. బడికి పోని పసివారికి అది మన పెద్దలతోనే గడప దాటి వచ్చినదనుకొనవలసియున్నది. కావున పిల్లల రక్షణ పెద్దల నడవడితో మొదలు కావలెను.

నేను ముఖ్యముగా విన్నవింపదలచిన దొక్కటే. బడి తలుపు తెఱచుట వేఱు, బిడ్డ బడికి మరలి వచ్చుట వేఱు. మొదటిది ఉత్తరువుతో జరుగును. రెండవది ఉత్తరువుతో జరుగదు. బిడ్డ పీల్చు గాలి, మనసులోని వెఱపు, మఱచిన పాఠము, ఈ మూడింటిని చక్కపఱచిననే ఆ మరలిరాక క్షేమకరమగును.

మొదట గాలి మాట. బడులు తెఱచిన క్రొత్తలో మన శ్రద్ధయంతయు బల్లలు తుడుచుటయందును, చేతులకు మందు పూయుటయందును, గుమ్మమున జ్వరము చూచుటయందును ఉండెను. చేతులు కడుగుకొనుట ఎల్లప్పుడును మంచిదే. కాని ఈ వ్యాధి ప్రధానముగా శ్వాసతో గాలిలో వ్యాపించునని క్రమముగా స్పష్టమైనది. మూసిన గదిలో ఆరడుగుల దూరమున కూర్చుండబెట్టుటకంటె, ఎదురెదురు కిటికీలు తెఱచి గాలి ఆడునట్లు చేయుట మేలు. గది చాలకున్న వసారా కలదు, చెట్టునీడ కలదు. ఇది క్రొత్త ఉపాయము కాదు. క్షయరోగము ప్రబలిన కాలమున, 1904లో బెర్లిన్ చెంత షార్లొటెన్‌బర్గ్‌లో అడవిబడి నెలకొల్పిరి. 1908లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరమున కిటికీలు తెఱచియుంచు బడి నడపిరి. మన తాతలు అరుగులపై నడచిన వీధిబడులలో అక్షరములు దిద్దినవారే. ఢిల్లీ శీతకాలమున బయటి గాలియే పొగతో నిండియుండును గనుక, ఇచ్చటి గదులకు గాలిని వడగట్టు యంత్రములు కూడ కావలెను.

మాస్కు విషయమునను వివేకము వలయును. 5 ఏండ్లలోపు పిల్లలకు దానిని విధింపరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యునిసెఫ్‌ను 2020లోనే తెలిపినవి. పెద్ద పిల్లలు మాస్కు ధరించినను భోజనవేళ తీయక తప్పదు. అందఱు గుమిగూడి మాటాడుకొనుచు తిను ఆ అరగంటయే పాఠము వినునప్పటికంటె ఎక్కువ అపాయకరము. మధ్యాహ్నభోజనమును ఆరుబయట, జట్లు జట్లుగా పెట్టుట ఇందులకు మందు. భోజనమును మాత్రము మానిపింపరాదు. ఆ యొక్క పూట వేడి అన్నమునకై బడికి వచ్చు పిల్లలు మన దేశమున తక్కువగా లేరు.

జ్వరమో దగ్గో ఉన్న బిడ్డ ఇంటనే యుండవలెను. ఇది చెప్పుట సులభము. కాని నూటికి నూఱు హాజరునకు బహుమతి ఇచ్చు బడి, రోగముతోనైనను రమ్మని పిలుచుచున్నట్లే. అట్టి బహుమతులను మహమ్మారికాలమున ఆపివేయవలెను. బిడ్డ ఇంటనుండవలెనన్న తల్లియో తండ్రియో ఇంటనుండవలెను. ఈ సభలో సెలవు మంజూరుచేయు అధికారులును ఉన్నారు. వారు వ్రాయు ఒక్క సంతకము ఒక తరగతి నంతటిని కాపాడవచ్చునని మనవి చేయుచున్నాను.

టీకాల విషయమున మన దేశములో 15 ఏండ్లు నిండినవారికి 2022 జనవరి 3 నుండి, 12 ఏండ్లు నిండినవారికి మార్చి 16 నుండి కోవిడ్ టీకాలు వేయుట మొదలైనది. అంతకంటె చిన్నవారికి రక్షణ వారి చుట్టునున్న ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు వేయించుకొనిన టీకాయే. ఆ గడబిడలో ఇతర టీకాలను మఱచిన ఇండ్లు అనేకములు. 5, 6 ఏండ్ల నడుమ కంఠవాతము, కోరింతదగ్గు, ధనుర్వాతములకు వేయు మోతాదు, 10, 16 ఏండ్లకు వేయు మోతాదులు తప్పినవేమో ప్రతి తల్లియు కార్డు తీసి చూచుకొనవలెను.

రెండవది మనసు. "నీవలన నాయనమ్మకు జబ్బు వచ్చును సుమా" అని ఆ దినములలో మన ఇండ్లలో ఎన్నిసార్లు వినబడినదో తలచుకొనుడు. పెద్దలను కాపాడు భారము పసివాని భుజముపై పెట్టుట న్యాయము కాదు. పిమ్మట ఆ నాయనమ్మ నిజముగనే గతించినచో, ఆ బిడ్డ ఏమని తలపోయును? జాగ్రత్త నేర్పుడు, నేరము మోపకుడు. కోవిడ్ వలన తలిదండ్రుల నిరువురను కోల్పోయిన పిల్లలకై కేంద్ర ప్రభుత్వము 2021 మే 29న సహాయపథకమును ప్రకటించినది. ధనసహాయము అవసరమే. దానితోపాటు తరగతిలో ఆ బిడ్డ మౌనమును గుర్తించి ప్రక్కన కూర్చుండు ఉపాధ్యాయుడును అవసరమే. తొలి వారములలో పూటబడి పెట్టి, ఆటలకు, మాటలకు చోటిచ్చిన నష్టము లేదు. తల్లి కొంగు విడువని పసివానిని మందలించి లోనికి నెట్టుటవలన మేలు కలుగదు.

మూడవది పాఠము. 2021 ఆగస్టులో 15 రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలోని పేద ఇండ్ల పిల్లలు సుమారు 1,400 మందిని ప్రశ్నించి వెలువరించిన నివేదిక యొకటి కలదు. పల్లెలలో ఇంటర్నెట్ ద్వారా క్రమముగా చదువుచున్నవారు నూటికి 8 మంది. బొత్తిగా చదువనివారు 37 మంది. ఇంటికొక స్మార్ట్‌ఫోను ఉన్నను అది తండ్రితో పనికి పోవును. 'అసర్' సర్వేననుసరించి రెండవ తరగతి వాచకమును చదువగల మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 27 మంది కాగా, 2022లో 20 మంది మాత్రమే. అట్టి బిడ్డ ముందు తరగతి పుస్తకము తెఱచి, విడిచినచోటినుండి కాక ఉండవలసినచోటినుండి పాఠము మొదలిడిన, వాడు రెండవమాఱు బడికి దూరమగును. బిడ్డ నిలిచియున్న మెట్టు కనుగొని అచ్చటనుండి చేయి పట్టుకొని ఎక్కింపవలెను. ఇది సాధ్యమే. అదే సర్వే 2024లో చూచినప్పుడు పై సంఖ్య మఱల 27కు చేరినది. ఉపాధ్యాయుల ఓర్పునకు ఇంతకంటె సాక్ష్యమేల?

సోదరులారా, 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రకటించినది. ముగిసినదానిని త్రవ్వుటేల యని అడుగవచ్చును. ఇట్టి వ్యాధి మఱల రాదని ఎవరును హామీ ఇయ్యజాలరు. వచ్చిన నాడు కడపట మూయవలసినదియు, మొదట తెఱవవలసినదియు బడియే యని మనకు నేడే నిశ్చయముండవలెను.

మన సమితి చేయదగిన పనులును కొన్ని కలవు. మన క్వార్టర్లలో అంట్లు తోముటకు వచ్చునామె బిడ్డ బడికి పోవుచున్నాడా? బడులు తెఱచిన పిమ్మట హాజరుపట్టీలో పేరుండియు రానివారెవరు? అన్నయ్య పనిలో చేరెనా, చెల్లెలికి పెండ్లి కుదిర్చిరా? ఇంటింటికి పోయి అడుగుటకు మనవంటి అక్షరాస్యులకు ఏ ఉత్తరువును అక్కఱలేదు. మన గ్రంథాలయములో ఆదివారము ఒక గంట పిల్లలచే బిగ్గరగా చదివించిన చాలును. మన పిల్లలకు తెలుగును నిలుచును, ఇరుగుపొరుగు పిల్లలకు చదువును నిలుచును. సమీపమందలి బడికి రెండు కిటికీలు పెట్టించుట మన వార్షిక చందాకు మించిన పని కాదు.